గిడ్డంగికి తాళం పడితే టిక్కీలు ఎవరివి?

(గుంటూరులో ఒక పుస్తక మిత్రబృందం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభికులు అడిగిన ప్రశ్నల్లో రెండింటిని చేర్చాం.)

అందరికీ నమస్కారం.

మైకు కొంచెం దూరంగా పెట్టుకుంటాను. ఇరవై ఏళ్లకు పైగా సర్వర్ల గదుల్లో, ఏసీల హోరులో ఉద్యోగం చేసినవాడికి మెల్లగా మాట్లాడే అలవాటు పోతుంది. ఇంట్లో కూడా ఇదే ఫిర్యాదు.

పైరసీ సైట్లను ప్రభుత్వాలు మూసేయడం గురించి మాట్లాడమన్నారు. నేను లాయరును కాను, సినిమా మనిషిని అంతకన్నా కాను. ఇతరుల సరుకు దాచే గదులకు కాపలా కాసినవాణ్ని. అందుకని ఒక్క కేసే తీసుకుని, దాన్ని కాపలాదారు నిలబడే చోటు నుంచి చూపిస్తాను. అది జనం ఫైళ్లు దాచుకుని పంచుకునే మెగాఅప్‌లోడ్ అనే సైటు మీద అమెరికా పెట్టిన కేసు.

ముందుగా ఒక లెక్క తీద్దాం. 2008 నుంచి 2011 దాకా మెగాఅప్‌లోడ్ వాళ్లదే అయిన వీడియో సైటు మెగావీడియోలో సినిమాలు చూసినవాళ్లు చేతులెత్తండి... నలుగురు. ఒప్పుకునేవాళ్లు నలుగురన్నమాట. మంచిది, నేను ఐదోవాణ్ని.

అప్పట్లో నేను కంపెనీ పని మీద డాలస్ దగ్గర ఇంకో ముగ్గురితో ఒకే అపార్టుమెంటులో ఉండేవాణ్ని. తెలుగు సినిమా ఆడే హాలుకు వెళ్లాలంటే కారు కావాలి. నలుగురికీ కలిపి ఉన్నది ఒకటే కారు, అదీ ఎప్పుడూ ఎవరో ఒకరు తీసుకెళ్లిపోయి ఉండేవారు. శుక్రవారం రాత్రి పప్పు, ఆవకాయ కలుపుకుని కంచాలతో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మెగావీడియోలో సినిమా నడిచేది. డబ్బు కట్టనివారికి 72 నిమిషాలు హద్దు. ఆ నిమిషం నిండగానే బొమ్మ ఆగిపోయేది. సభ్యత్వం తీసుకోండి, లేదా చాలాసేపు ఆగి రండి అని ఒక పలక అడ్డం పడేది. మన సినిమాకు 72వ నిమిషం అంటే ఎక్కడో మీకు తెలుసు. విశ్రాంతికి సరిగ్గా ముందు, హీరో అసలు ఎవరో విలన్‌కు తెలియబోయే చోట. మాలో ఒకడు ఎంగిలి చేత్తోనే లేచి మోడెమ్ తీగ పీకి మళ్లీ గుచ్చేవాడు. దాంతో మా ఇంటర్నెట్ చిరునామా మారిపోయేది. మెగావీడియో మమ్మల్ని కొత్త అతిథులనుకుని మళ్లీ తలుపు తీసేది.

ఈ 72 నిమిషాల ముచ్చట కోర్టు కాగితాల్లోకి కూడా ఎక్కింది. మార్కెట్లోకి వచ్చే సినిమాలు దాదాపు అన్నీ అంతకంటే పొడవే కాబట్టి, దొంగ సినిమా చూసేవాడి చేత డబ్బు కట్టించడానికే ఆ హద్దు పెట్టారని అమెరికా ప్రాసిక్యూటర్లు అభియోగ పత్రంలో రాశారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ అది రాసినవారు తెలుగు పెళ్లి వీడియో ఎప్పుడూ చూసి ఉండరు. 72వ నిమిషానికి ఇంకా పెళ్లికూతురిని గంపలో తీసుకురారు.

సరే, అసలు ఈ కంపెనీ ఏమిటి? జర్మనీలోని కీల్‌లో కిమ్ ష్మిట్జ్‌గా పుట్టి, తర్వాత కిమ్ డాట్‌కామ్ అని పేరే మార్చుకున్న మనిషి 2005లో పెట్టాడు. కంపెనీ చిరునామా హాంకాంగ్. ఆయన కాపురం న్యూజిలాండ్‌కు మారింది. సర్వర్లలో పెద్ద భాగం అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి చెందిన కార్పాతియా అనే సంస్థ దగ్గర అద్దెకు తీసుకున్నవి. కొన్ని నెదర్లాండ్స్‌లో లీజ్‌వెబ్ దగ్గర ఉండేవి. తమకు 15 కోట్ల మంది నమోదైన సభ్యులున్నారని, రోజుకు 5 కోట్ల మంది వస్తారని, ఇంటర్నెట్‌లో సాగే మొత్తం రాకపోకల్లో 4 శాతం తమవేనని వాళ్లు చెప్పుకునేవారు. కంపెనీ చెప్పుకున్న లెక్కే అనుకోండి. సగం తగ్గించుకున్నా చిన్నది కాదు.

ఇది ఎలా పనిచేసేదో చెప్పడానికి గుంటూరులో నాకు ఏ కష్టమూ లేదు. మిర్చి రైతు కాయ కోసి, ఆరబెట్టి, ధర నచ్చకపోతే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. యజమాని లాటు నంబరు వేసి రసీదు ఇస్తాడు. లోపల చలి నిలవాలంటే కరెంటు నడుస్తూ ఉండాలి. ధర వచ్చినప్పుడు రైతు రసీదు చూపించి సరుకు తీసుకుంటాడు. మెగాఅప్‌లోడ్‌లో ఫైలు టిక్కీ, లింకు రసీదు. ఒక్కటే తేడా. ఈ గిడ్డంగి నుంచి టిక్కీ ఎన్నిసార్లు తీసుకెళ్లినా లోపల తరగదు, రసీదు ఎవరి చేతిలో ఉంటే వాళ్లందరికీ సరుకు దక్కుతుంది. ఆ ఒక్క తేడాతోనే కొంప మునిగింది. రసీదు జేబులో పెట్టుకోకుండా బజారులో గోడకు అతికిస్తే ఊరంతా వచ్చి పట్టుకెళ్తుంది. అలా గోడలకు అతికించడానికే వేరే సైట్లు ఉండేవి. పైగా, ఎక్కువమంది తీసుకెళ్లే సరుకు పెట్టినవారికి మెగాఅప్‌లోడ్ కొన్నాళ్లపాటు బహుమతి డబ్బు కూడా ఇచ్చింది. సొంత పెళ్లి వీడియో పెడితే ఎవరు దించుకుంటారు? బహుమతి ఎలాంటి సరుకుకు వెళుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన ముక్క ఒకటి వస్తుంది. దీన్ని కొంచెం ఓపిగ్గా వినండి, కేసు అంతా దీని మీదే తిరుగుతుంది.

ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటిది ఒకటి ఉంటుంది. లెక్క కట్టి తీసే ఆ అంకెను మేం హ్యాష్ అంటాం. ఒకే సినిమా కాపీని వందమంది పైకి పెడితే వందసార్లు దాచడం దండుగ. వేలిముద్ర కలిసిందా, పాతదే ఉంచి, కొత్తగా వచ్చినవాడికి కొత్త రసీదు మాత్రం రాసిస్తారు. లోపల ఒక టిక్కీ, బయట వంద రసీదులు. ఇందులో తప్పేమీ లేదు, స్థలం ఆదా చేయడానికి మేమందరం చేసే పనే.

ఇప్పుడు సినిమా కంపెనీ ఫిర్యాదు తెచ్చింది. 1998 నాటి అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టం ప్రకారం, గిడ్డంగి యజమాని ఫిర్యాదు అందగానే సరుకు తీసేస్తే, దాచినవాడి తప్పుకు అతను బాధ్యుడు కాడు. మెగాఅప్‌లోడ్ ఏం చేసింది? ఫిర్యాదులో ఉన్న రసీదు ఒక్కటి చింపింది. టిక్కీ అక్కడే ఉంది, మిగతా 99 రసీదులూ చెల్లుతూనే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వం ఇక్కడే పట్టుకుంది. పిల్లలపై లైంగిక అకృత్యాల బొమ్మలు దొరికినప్పుడు వేలిముద్ర పట్టుకుని టిక్కీతో సహా తీసేయడం వాళ్లకు చేతనయింది, సినిమాల విషయంలో మాత్రం ఎందుకు చేతకాలేదని అడిగింది.

ఆ వాదనకు బలం ఉంది. కానీ ఎదుటివైపు మాట కూడా వినాలి. ఆ ఫైలు సినిమా కాక పాట అయితే, ఆ వందమందిలో ఒకరు దాని హక్కుదారే అయి ఉండవచ్చు. డబ్బు పెట్టి కొన్న పాటను తనకోసం భద్రంగా దాచుకున్నవాడు ఇంకొకరు ఉండవచ్చు. టిక్కీ తీసేస్తే వాళ్ల రసీదులు కూడా చిత్తుకాగితాలవుతాయి. ఆ సర్వర్ల ముందు నేను కూర్చుని ఉంటే ఏం చేసేవాణ్ని? నిజాయితీగా చెప్పాలంటే, ఫిర్యాదు సినిమా విడుదలైన వారంలోనే వస్తే టిక్కీ తీసేసేవాణ్ని. పాటల దగ్గర తడబడేవాణ్ని.

వాళ్ల ఈమెయిళ్లు చదివితే మాత్రం తడబాటు పెద్దగా కనిపించదు. మనది తమాషా వ్యాపారం, ఈ కాలపు సముద్రపు దొంగలం అని ఒకడు రాస్తే, మనం దొంగలం కాదు, దొంగలకు సరుకు రవాణా చేసిపెడుతున్నాం అని ఇంకొకడు జవాబిచ్చాడు. అది అభియోగ పత్రంలో అచ్చయి ఉంది. డాట్‌కామ్ కార్లలో ఒకదాని నంబరు పలక మీద ‘గిల్టీ’ అని రాసి ఉండేది. ఏ డిఫెన్సు లాయరుకైనా అలాంటి కక్షిదారు దొరకకూడదని దణ్ణం పెట్టుకోవాలి.

కాబట్టి ఆయన అమాయకుడని చెప్పడానికి నేను రాలేదు. ఈ కథలో 39 ఫైళ్ల అధ్యాయం ఒకటి మాత్రం చెప్పి తీరాలి. 2010 జూన్‌లో వేరే పైరసీ సైటు మీద దర్యాప్తు చేస్తూ, మెగాఅప్‌లోడ్ సర్వర్లలో ఉన్న 39 ఫైళ్ల కోసం అధికారులు వారంటు తెచ్చారు. కంపెనీ సహకరించింది. ఆ ఫైళ్లలో 36 మరుసటి ఏడాది నవంబరులో కూడా అక్కడే ఉన్నాయి. తెలిసి కూడా తీయలేదు చూడండి అని ప్రభుత్వం అంది. సాక్ష్యం కదా, విషయం బయటికి పొక్కనివ్వొద్దని మీరే అన్నారు కదా, అందుకే కదపలేదు అని కంపెనీ అంది. సర్వరు గదుల్లో పనిచేసినవారికి ఈ ఇరకాటం బాగా తెలుసు. పోలీసులు చూపించిన ఫైలు తీస్తే సాక్ష్యం మాయం చేసినట్టు, ఉంచితే నేరం కొనసాగించినట్టు.

ఇక 2012 జనవరి. 18వ తేదీన ఇంగ్లీషు వికీపీడియా 24 గంటలు నల్లటి తెర కప్పుకుంది. పైరసీ పేరు చెప్పి సైట్లను తేలిగ్గా మూయించే సోపా, పీపా అనే రెండు బిల్లుల మీద నిరసన అది. ఆ నిరసనకు బెదిరి 20వ తేదీకల్లా అమెరికా కాంగ్రెస్ ఆ బిల్లులను పక్కన పెట్టింది. ఈ రెండు తేదీల మధ్య, 19న, ఆ బిల్లుల అవసరమే లేకుండా, ఉన్న చట్టాలతోనే అమెరికా న్యాయశాఖ మెగాఅప్‌లోడ్‌కు తాళం వేసింది. 18 డొమైన్ పేర్లు, అంటే సైట్ల పేర్లు, స్వాధీనం చేసుకుంది. మన దగ్గర 20వ తేదీ పొద్దున్నే ఆ సైటు తెరిచినవారికి ఎఫ్‌బీఐ ముద్రలున్న పలక కనిపించింది. హక్కుదారులకు 50 కోట్ల డాలర్లకు పైగా నష్టం జరిగిందని, నిందితులకు 17.5 కోట్ల డాలర్లకు పైగా ముట్టాయని ఆరోపణ. వ్యవస్థీకృత నేరం, మనీ లాండరింగ్, కాపీరైటు ఉల్లంఘన కింద కేసులు.

న్యూజిలాండ్‌లో అప్పటికి తెల్లవారుతోంది. ఆక్లండ్ దగ్గర కోట్స్‌విల్‌లో డాట్‌కామ్ అద్దెకున్న భవంతి మీదికి 70 మందికి పైగా పోలీసులు, పైన హెలికాప్టరుతో వెళ్లారు. ఆయన ఇంట్లోనే ఉన్న ఒక రక్షణ గదిలో దాక్కుంటే అక్కడ దొరికాడు. మర్నాడే ఆయన 38వ పుట్టినరోజు. ఈ దృశ్యం మీద పత్రికలు వారాల తరబడి బతికాయి. నాకు హెలికాప్టర్ల మీద ఆసక్తి లేదు. ఆ రోజు వర్జీనియాలో నాలాంటి ఒక ఉద్యోగి సర్వర్ల గదిలోకి వచ్చి ఏం చూసి ఉంటాడా అని ఆలోచిస్తాను.

1,103 సర్వర్లు. 25 పెటాబైట్ల సరుకు. పెటాబైటు అంటే 10 లక్షల జీబీలు. డీవీడీల్లోకి ఎక్కిస్తే 50 లక్షలకు పైగా కావాలి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆరు కిలోమీటర్ల స్తంభం. దీనికి అద్దె కట్టే కంపెనీ ఖాతాలు ఆగిపోయాయి. డబ్బు రాదు. సర్వర్లు ఉంచడానికి రోజుకు 9,000 డాలర్లు ఖర్చవుతోందని కార్పాతియా కోర్టుకు చెప్పింది. అప్పటి మారకంలో సుమారు నాలుగున్నర లక్షల రూపాయలు, రోజుకు.

తాళం వేసిన ప్రభుత్వం ఏమంది? మాకు కావలసిన సాక్ష్యం కాపీ చేసుకున్నాం, సర్వర్లతో మాకిక పని లేదు, వాటి సంగతి మీరూ మీరూ చూసుకోండి అని జనవరి నెలాఖరుకల్లా ఉత్తరం రాసింది. అయితే చెరిపేయవచ్చా? చెరపవద్దు, రేపు మేం కూడా దావా వేయవచ్చు అని హాలీవుడ్ స్టూడియోల సంఘం అడ్డుపడింది. పోనీ మెగాఅప్‌లోడ్‌కే అమ్మేస్తే? కుదరదని ప్రభుత్వం అంది. ఎవరూ ఇది నాది అనరు, ఎవరూ తీసుకెళ్లనివ్వరు. చివరికి కార్పాతియా వాటికి కరెంటు తీసేసి గోదాములోకి చేర్చింది. నెదర్లాండ్స్‌లో లీజ్‌వెబ్ ఏడాదిపాటు ఎదురుచూసి, 2013 ఫిబ్రవరిలో తన దగ్గరున్న 630 సర్వర్లను తుడిచేసింది.

మరి టిక్కీల రైతులు?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒకాయన హైస్కూలు పిల్లల ఆటలు వీడియో తీసి, ఆ ఊళ్ల తల్లిదండ్రులకు అందించేవాడు. అదే ఆయన బతుకుతెరువు. తీసిన వీడియోలు ఇంట్లో డిస్కులో ఒక ప్రతి, డబ్బు కట్టి తీసుకున్న మెగాఅప్‌లోడ్ ఖాతాలో ఒక ప్రతి ఉంచుకున్నాడు. జాగ్రత్తపరుడే. మెగాఅప్‌లోడ్‌కు తాళం పడటానికి కొద్ది రోజుల ముందే ఆయన ఇంటి డిస్కు చెడిపోయింది. గుండె జారినా, ఇంకో ప్రతి ఉంది కదా అనుకుని ఉంటాడు.

2012 మార్చిలో, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ లాయర్ల సాయంతో, నా సరుకు నాకిప్పించండి అని ఆయన కోర్టుకెక్కాడు. ప్రభుత్వం ఇచ్చిన జవాబు చదివి నేను కుర్చీలో లేచి కూర్చున్నాను. మొదటిది, మేం డొమైన్ పేర్లు తీసుకున్నాం, సాక్ష్యం కాపీ చేసుకున్నాం, మీ ఫైళ్లు మా దగ్గర లేవు, అవి కార్పాతియా దగ్గర ఉన్నాయి. రెండోది, కావాలంటే నిపుణుణ్ని పెట్టుకుని మీ ఖర్చుతో వెతికించుకోండి. మూడోదైతే మరీ ఘోరం. ఆయన ఖాతాను వాళ్లే తెరిచి చూసి, ఇందులో పాటల ఫైళ్లు ఉన్నాయి, మీ ఆటల వీడియోల వెనక వాడిన సంగీతానికి అనుమతి ఉందా అని అడిగారు. అంటే సరుకు తిరిగి అడగడానికి వచ్చిన రైతును, నీ కాయలో తాలు ఎంత, అసలు నువ్వు మంచివాడివేనా అని నిలబెట్టి అడిగారు. లాటు వెతకడం మా పని కాదన్నవారికి ఆయన లాటులో ఏముందో చూడటం మాత్రం సాధ్యమైంది.

జడ్జి లియామ్ ఓగ్రేడీ మీరందరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండని పార్టీలకు చెప్పారు. తేలలేదు.

మన దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని కల్తీ కారం కేసులో దొరికాడనుకుందాం. అధికారులు వచ్చి తాళం వేస్తారు. మర్నాడు పొద్దున రోడ్డు మీద రైతులు రసీదులతో నిలబడతారు. ట్రాక్టర్లు అడ్డం పెడతారు. సాయంత్రానికి ఎమ్మెల్యే వస్తాడు, జాయింట్ కలెక్టరు వస్తాడు, రసీదు నంబరు చూసి సరుకు వదలడానికి ఒక తహశీల్దారును కూర్చోబెడతారు. అందులో ఎన్ని అవకతవకలు జరుగుతాయో మీకు నాకంటే బాగా తెలుసు. కానీ ఒక కుర్చీ వేస్తారు, దాని మీద ఒక మనిషి ఉంటాడు. కోట్ల సభ్యులున్న మెగాఅప్‌లోడ్‌కు ఆ కుర్చీ వేయలేదు. రోడ్డు మీద నిలబడటానికి ఆ రైతులు ఒక ఊరివాళ్లు కూడా కారు.

న్యూజిలాండ్ భాగం గబగబా చెప్పేస్తాను, అది లాయర్ల పండగ. సోదా వారంట్లు మరీ గుండుగుత్తగా ఉన్నాయి కాబట్టి చెల్లవని 2012 జూన్‌లో అక్కడి హైకోర్టు అంది. చెల్లుతాయని 2014లో సుప్రీంకోర్టు అంది. ఆ మధ్యలో, అక్కడి నిఘా సంస్థ చట్టానికి విరుద్ధంగా డాట్‌కామ్ సంభాషణలు విన్నదని బయటపడి, ప్రధాని జాన్ కీ క్షమాపణ చెప్పారు. అమెరికాకు అప్పగించవచ్చని కింది కోర్టు 2015లో తేల్చాక పైకోర్టులు ఒక్కొక్కటీ చూసి, చివరికి 2024 ఆగస్టులో న్యాయమంత్రి అప్పగింత ఉత్తర్వు మీద సంతకం చేశారు. తెల్లవారుజామున హెలికాప్టరు ఎగిరాక పన్నెండున్నర ఏళ్లకు. సహచరుల్లో ఒక ప్రోగ్రామరు 2015లోనే అమెరికాలో నేరం ఒప్పుకుని ఏడాది ఒక రోజు శిక్ష తీసుకున్నాడు. ఇంకో ఇద్దరు న్యూజిలాండ్‌లోనే ఒప్పుకుని 2023లో శిక్ష పడి జైలుకెళ్లారు.

మూసేస్తే ఫలితం ఉందా అంటే, ఉంది. మూసిన రెండు మూడు రోజుల్లో ఫైల్‌సోనిక్ లాంటి పోటీ సైట్లు భయపడి, ఎవరి ఫైలు వారే దించుకోవాలి, పంచుకోవడం కుదరదని ప్రకటించాయి. మెగాఅప్‌లోడ్ పోయాక కొన్ని పెద్ద స్టూడియోలకు ఇంటర్నెట్‌లో సినిమాల అమ్మకాలు, అద్దెల రాబడి 6.5 నుంచి 8.5 శాతం దాకా పెరిగిందని ఇద్దరు అమెరికా ఆర్థిక పరిశోధకులు లెక్క తేల్చారు. తమాషాగా, చిన్న సినిమాల వసూళ్లు మాత్రం తగ్గాయని ఐరోపా పరిశోధకులు ఇంకో లెక్క తీశారు. దొంగచాటుగా చూసినవాడు నలుగురికి చెప్పడం వల్ల నడిచే సినిమాలు కూడా ఉంటాయట. మన నిర్మాతల ముందు ఈ మాట అనకండి, కొడతారు.

తప్పుగా వేసిన తాళాలు కూడా ఉన్నాయి. దాజాజ్‌1 అనే హిప్‌హాప్ పాటల సైటును 2010 నవంబరులో అమెరికా అధికారులు లాక్కున్నారు. ఏడాది దాటాక, ఏ కేసూ పెట్టకుండానే, తీసుకోండి అని తిరిగి ఇచ్చారు. ఆ ఏడాది ఎవరి ఖాతాలో రాయాలి?

ఇక మన ఊళ్ల సంగతి. మెగాఅప్‌లోడ్ గొడవ జరిగిన ఏడాదే, 2012 మే నెలలో, మన దేశంలో వీమియో, డైలీమోషన్ లాంటి వీడియో సైట్లు ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేశాయి. కారణం మద్రాసు హైకోర్టు ఉత్తర్వు, ఆ ఉత్తర్వుకు కారణం రెండు సినిమాలు. అందులో ఒకటి మన తెలుగు ‘దమ్ము’. పేరు తెలియని ముద్దాయిల మీద తీసుకునే ఉత్తర్వు అది, మన లాయర్లు అశోక్ కుమార్ ఉత్తర్వు అంటారు. దాన్ని చేతిలో పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు సందులో ఒక ఇంటికి వేయాల్సిన తాళాన్ని సందు మొదట్లోనే వేశాయి. తమ సొంత చిన్న సినిమాలు వీమియోలో పెట్టుకున్న కుర్రాళ్లు కూడా బయట ఉండిపోయారు. జూన్‌లో కోర్టు, మొత్తం సైట్లను కాదు, ఫలానా చిరునామా పేజీని మాత్రమే అని సరిచేసింది.

2019లో ఢిల్లీ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. ఒక సైటుకు తాళం వేస్తే మర్నాడే ఒక అక్షరం మార్చుకుని కొత్త పేరుతో పుడుతుంది కదా. అలా పుట్టిన ప్రతిదానికీ కొత్త దావా అక్కర్లేదు, రిజిస్ట్రారు దగ్గర ఆ పేరు కలిపించుకుంటే చాలు అంది. కానీ ముందుగా ఒక ప్రశ్న వేసుకోమంది. ఆ సైటు బతుకే దొంగసరుకా, లేక మంచి సరుకు మధ్య దొంగసరుకు కూడా ఉందా? నాకు ఈ తీర్పులో నచ్చింది ఆ ప్రశ్న. తాళం తీసుకుని బయలుదేరే ముందు లోపల ఎవరెవరి టిక్కీలున్నాయో అడిగిన ప్రశ్న అది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి మూడేళ్ల దాకా జైలు, నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టారు. ఫిర్యాదు అందిన 48 గంటల్లో పైరసీ లింకులు తీయించడానికి కేంద్రం నోడల్ అధికారులను కూడా వేసింది. వేగం బాగానే ఉంది. ఆ 48 గంటల్లో ఆ ప్రశ్న అడిగే తీరిక ఎవరికుంటుందో చూడాలి.

మీరు ఎదురుచూస్తున్న పేరు ఐబొమ్మ. 2025 నవంబరులో, దాన్ని నడుపుతున్నాడన్న ఆరోపణ మీద హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు, సైటు మూతపడింది. కేసు కోర్టులో తేలాలి, ఆ మనిషి గురించి నేను మాట్లాడను. సైటు గురించి మాత్రం నాకు ఏ సందిగ్ధమూ లేదు. అక్కడ ఎవరూ సొంత టిక్కీ దాచుకోలేదు. రసీదు పట్టుకుని రోడ్డు మీదికి రావడానికి ఒక్క రైతూ లేడు. టికెట్టు ధరలు మండిపోతున్నాయి కాబట్టి అతను చేసింది మంచిపనే అని సోషల్ మీడియాలో వెనకేసుకొచ్చినవారు తక్కువేమీ లేరు. టికెట్టు ధర మీద కోపం నాకూ ఉంది. డాలస్‌లో మోడెమ్ తీగ పీకినవాణ్ని, నీతులు చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఆ కోపం వేరు, తాళం సంగతి వేరు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ఒక సభికురాలు: సార్, మా పిల్లల ఫొటోలన్నీ ఫోనులోనే, ఆ ఆన్‌లైన్ ఖాతాలోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

ఏడాదికోసారి, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అనుకోండి, అన్నీ ఒక డిస్కులోకి దించి బీరువాలో చీరల కింద పెట్టండి. ఇంకో డిస్కు మీ అమ్మగారింట్లో పెట్టండి. రెండూ ఒకే ఇంట్లో వద్దు. మరుసటి సంక్రాంతికి ఆ పాత డిస్కు ఒకసారి కంప్యూటరుకు పెట్టి తెరిచి చూడండి. తెరిచి చూడటమే ముఖ్యం, చాలామంది అదే చేయరు.

ఒక న్యాయ విద్యార్థి: ఒహాయో ఆయనకు వీడియోలు చివరికి దొరికాయా?

ఆయన లాయర్లు ఏళ్ల తరబడి కోర్టును మళ్లీ మళ్లీ అడుగుతూ పోయారు. ఇవ్వమనీ అనకుండా, ఇవ్వొద్దనీ అనకుండా ఆ అర్జీ అలా ఉండిపోయింది. ఈలోగా డిస్కుల సంగతి చెబుతాను, అది నాకు తెలిసిన పని. తిప్పకుండా ఏళ్లపాటు పక్కన పడేసిన డిస్కును మళ్లీ పెడితే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. లేవనివి లోపల టక్, టక్ అని రెండు మూడుసార్లు కొట్టుకుని ఆగిపోతాయి. మెగాఅప్‌లోడ్ సరుకులో కొంత కోజెంట్ అనే ఇంకో సంస్థ దగ్గర కూడా ఉండేది. అక్కడ ఉంచిన 16 డ్రైవుల్లో 8 చదవడానికి రావడం లేదని 2016లో కోర్టుకు తెలిసింది. నాలుగేళ్లకే సగం పోయాయి.